బరంపురంలో ముక్కులో ట్యూబు పెట్టే టెస్టు (మానోమెట్రీ, 24 గంటల పీహెచ్) - నా రివ్యూ

మొత్తం చదివే ఓపిక లేనోళ్ల కోసం ముందే రేటింగు చెప్పేస్తా. డాక్టరుగారికి 5కి 5. టెస్టుకి 4. వెయిటింగ్ హాలుకి 1, అది కూడా ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి.

క్లినిక్ పేరు రాయను. బరంపురం ఏమంత పెద్ద ఊరు కాదు, వాళ్ల స్టాఫు పట్టుచీరలకి మా షాపుకే వస్తారు, కింద ఆ హాలుని తిట్టబోతున్నా కూడాను, ఎందుకొచ్చిన గొడవ. అయినా నేను రాసేది ముఖ్యంగా టెస్టు గురించి, అంటే అన్నవాహిక (గొంతు నుంచి పొట్టకి వెళ్లే గొట్టం) ఎలా పనిచేస్తోందో, దాంట్లోకి యాసిడ్ ఎంత పైకొస్తోందో కొలిచే టెస్టు. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు పొట్ట అనగానే విశాఖ రైలెక్కేస్తారు, అక్కడో ఇక్కడో ఎక్కడ చేయించుకున్నా టెస్టు ఒకటే, కానీ అది ఎవరికి పనికొస్తుంది ఎవరికి దండగ అన్నది తెలుగులో వివరంగా రాసినవాళ్లు నాకు దొరకలేదు, అందుకే ఇంత పొడుగు.

నా తంటా రెండు అంతస్తులది. పై అంతస్తులో ఛాతీ మధ్యన మంట, తిన్నది గొంతుదాకా వచ్చి వెనక్కి పోవడం, ఒక్కోసారి గొంతులో ఏదో ఉండ అడ్డం పడ్డట్టు ఉంటుంది కానీ అన్నం మింగితే హాయిగా దిగిపోతుంది. కింది అంతస్తులో పొద్దున్నే మెలిపెట్టే నొప్పి, బాత్రూముకెళ్తే తగ్గుద్ది, మళ్లీ అరగంటకి ఇంకోసారి, కొన్నాళ్లు ఇలా నడిచాక ఇంకొన్నాళ్లు అసలు మోషనే రాదు, పొట్ట బిగుసుకుపోయి చీర కుచ్చిళ్లు కూడా నిలవవు. పైదానికి ఒక డాక్టరు, కిందదానికి ఇంకో డాక్టరు. పైనాయన కింది సంగతి అడగలేదు, కిందాయన పై సంగతి అడగలేదు. ఎండోస్కోపీ నార్మల్, కొలనోస్కోపీ నార్మల్, థైరాయిడ్ నార్మల్, రక్తం నార్మల్. ఛాతీ నొప్పి అన్నందుకు ఈసీజీ కూడా తీశారు, అది మాత్రం ఎవరైనా మొట్టమొదట తీయించుకోవాల్సిందే, మంటా గుండె నొప్పా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. అన్ని రిపోర్టులూ చూశాక మా అత్తయ్య "అన్నీ బాగున్నాయంటన్నారు, మరి నీకు రోగం ఏటే?" అంది. నాకూ అదే డౌటు.

ఈ క్లినిక్కి ఎందుకెళ్లానంటే మా ఆడపడుచు చెప్పింది, ఈయన పైదీ కిందదీ కలిపి చూస్తాడట అని. డాక్టరుగారు ఒడియా ఆయన, తెలుగు బాగానే మాట్లాడతారు, యాస మాత్రం పక్కా గంజాం. నేను మంట గురించి మొదలెట్టానో లేదో "మోషన్ ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. నేను సిగ్గుపడుతుంటే గోడ మీదున్న చార్టు చూపించారు, బ్రిస్టల్ స్టూల్ చార్టు అంట, ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లో డాక్టర్లు తయారు చేసింది, గట్టి ఉండలు 1వ రకం, ఉత్త నీళ్లు 7వ రకం, మధ్యలో మిగతావి. నోరు విప్పి వర్ణించక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఆడవాళ్లకి ఇదెంత సుఖమో మగ డాక్టరు ముందు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. నేను 1వ రకం మీదా 6వ రకం మీదా రెంటి మీదా వేలు పెట్టాను.

తర్వాత లెక్కలు అడిగారు. నొప్పి వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నెలల నుంచి, మోషన్‌కి వెళ్తే నొప్పి తగ్గుతుందా పెరుగుతుందా, నొప్పి వచ్చిన రోజుల్లో మోషన్ల సంఖ్య మారుతుందా, దాని రూపం మారుతుందా. ఇలాంటి పొట్ట జబ్బుల్ని గుర్తుల్ని బట్టి తేల్చడానికి రోమ్ 4 అని 2016లో వచ్చిన పద్ధతి ఉందంట. గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండి, ఆ మూడు గుర్తుల్లో రెండు కలిస్తే, మొదలై కనీసం 6 నెలలైతే, దాన్ని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారు. అంటే అన్ని టెస్టులూ నార్మల్ వచ్చాక ఇంకేం దొరక్క పెట్టిన పేరు కాదన్నమాట, దానికంటూ గుర్తులున్నాయి. నాకు అప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదు.

ఇంకో మాట అన్నారు, నాకు బాగా నచ్చింది. ఛాతీమంట ఉన్నవాళ్లలో ఐబీఎస్, ఐబీఎస్ ఉన్నవాళ్లలో ఛాతీమంట, మిగతా జనంలోకంటే చాలా ఎక్కువగా కలిసి కనిపిస్తాయంట. నోటి నుంచి చివరిదాకా ఒకటే గొట్టం, దాని నరాలూ మెదడూ ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి, కొందరిలో ఆ నరాలు చిన్నదాన్ని కూడా పెద్దగా చెప్తాయి. 1973లోనే ఒక డాక్టరు ఐబీఎస్ వాళ్ల పేగులో చిన్న బెలూన్ పెట్టి ఊది చూస్తే, మామూలువాళ్లకి నొప్పి రాని సైజుకే వీళ్లలో చాలామందికి నొప్పి వచ్చిందంట. పైన అన్నవాహికలో కూడా ఇదే తంతు ఉండొచ్చు, యాసిడ్ మామూలుగా అందరికీ వచ్చినంతే వచ్చినా కొందరికి అది నిప్పులా తెలుస్తుంది. "మీది ఏదో తేలాలంటే యాసిడ్ ఎంత వస్తోందో కొలవాలి, ఊహించి మాత్ర డోసు పెంచుకుంటూ పోతే లాభం లేదు" అన్నారు. అప్పటికి నేను వేసుకుంటున్న యాసిడ్ తగ్గించే మాత్ర పాంటోప్రజోల్ పొద్దునొకటి రాత్రొకటి అయ్యుంది, మంటలో పెద్ద తేడా లేదు.

ఇక టెస్టు. ముందు యాసిడ్ మాత్రలు 7 రోజులు ఆపించారు (ఇది మీ అంతట మీరు చేయకండి, డాక్టరు చెప్తేనే). ఆ వారం నరకం, అది కూడా ముందే చెప్పారు. టెస్టు రోజు ఖాళీ కడుపుతో రమ్మన్నారు. మొదట మానోమెట్రీ. ముక్కులో జెల్ పూసి సన్నటి ట్యూబు దింపుతారు, గొంతు మలుపు దగ్గర ఒక్క నిమిషం వాంతి వచ్చినట్టయి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అది దాటితే పర్వాలేదు. మత్తు ఇవ్వరు, మనం మెలకువగా ఉండి మింగాలి కాబట్టి. ట్యూబు పొడుగునా 36 సెన్సార్లు ఉన్నాయంట. వెల్లకిలా పడుకోబెట్టి సిరంజితో 5 మిల్లీలీటర్ల చొప్పున 10 సార్లు నీళ్లు నోట్లో పోస్తారు, చెప్పినప్పుడు ఒక్కసారే మింగాలి, తర్వాత అర నిమిషం ఇంక మింగకూడదు. మింగొద్దు అన్నాక మింగకుండా ఉండటం ఎంత కష్టమో ఇప్పుడే ప్రయత్నించి చూడండి! టెక్నీషియన్ సోంపేట కుర్రాడు, "అక్కా మింగండి... ఆ, ఇంక వద్దు, వద్దు, మింగొద్దంటన్నానా" అని ఒకటే గోల. తర్వాత కూర్చోబెట్టి ఇంకో 5 సార్లు.

ఇది దేనికంటే, మింగినప్పుడు అన్నవాహిక కిందకి తోసే కెరటం సరిగ్గా వస్తోందా, చివర ఉన్న వాల్వు సమయానికి తెరుచుకుంటోందా అని చూస్తారు. అకలేసియా అని ఒక జబ్బు ఉంది, వాల్వు తెరుచుకోదు, తిన్నది అక్కడే నిలిచిపోయి పులిసి వెనక్కొస్తుంది, మనిషి మాత్రం గ్యాస్ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగుతాడు. ఎండోస్కోపీలో మొదట్లో అది దొరక్కపోవచ్చు, ఇందులో దొరుకుతుంది. నాకు అది లేదు, కెరటం బాగానే ఉంది. ఇంకో ఉపయోగం, వాల్వు సరిగ్గా ఎక్కడుందో తెలుస్తుంది, దానికి 5 సెంటీమీటర్లు పైన పీహెచ్ (యాసిడ్ కొలిచే అంకె, అది ఎంత తగ్గితే యాసిడ్ అంత ఎక్కువ) సెన్సారు పెట్టాలి.

ఆ ట్యూబు తీసేసి ఇంకా సన్నది ఇంకోటి దింపి, చెంపకి ప్లాస్టరు వేసి, చెవి వెనక నుంచి తిప్పి, నడుముకి ఒక డబ్బా కట్టి ఇంటికి పంపించేశారు. డబ్బాకి బటన్లు. మంట వస్తే ఒకటి, తినేటప్పుడు ఒకటి, పడుకున్నప్పుడు ఒకటి. స్నానం లేదు. కాగితం మీద టైములు కూడా రాయాలి.

టెక్నీషియన్ ఒకటికి రెండుసార్లు చెప్పింది ఇదే: రోజూ ఏం తింటారో అదే తినండి, రోజూ ఏం చేస్తారో అదే చేయండి. ట్యూబు ఉందని పెరుగన్నం తిని మంచానికి అతుక్కుపోతే ఆ రోజు మంట రాదు, టెస్టు డబ్బులు నీళ్లలో పోసినట్టే. తిండి మధ్యలో మాత్రం నిమ్మరసం, కూల్‌డ్రింకు చుక్కచుక్కగా చప్పరించకూడదు, అవే యాసిడ్ కాబట్టి మెషీన్ వాటిని లెక్కేసుకుంటుంది. భోజనం చేసిన టైము ఎలాగూ లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి నేను పొద్దున పూరీ ఘుగునీ (ఎండు బఠానీ కూర) తిన్నాను, షాపుకెళ్లాను, సాయంత్రం ఎదురు బండి దగ్గర మిరపకాయ బజ్జీ తిన్నాను, రాత్రి ఎండాకాలం మా ఇంట్లో ఎప్పుడూ ఉండే పఖాళో (నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం), బొడిచురా (నలిపిన వడియాలు), పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. షాపులో ఒకటే చూపులు. ఛత్రపురం నుంచి వచ్చిన ఒక ముసలావిడ చీర వదిలేసి "నాకొరే కొణో హెలా మా?" (ముక్కుకి ఏమైందమ్మా?) అని నా ముక్కే చూస్తా కూర్చుంది. మా ఓనరు మాత్రం ఆ రోజు నన్ను కౌంటరు వెనక్కి పంపేసి జరీ అంచులు మడతపెట్టించాడు, వంగి చేసే పని కదా, ఆ పనిలోనే మంట బటన్ ఎక్కువసార్లు నొక్కాను. టెస్టుకి మేలే జరిగింది.

రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు, గొంతులో ట్యూబు ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది, మాట్లాడితే ముక్కు కారుతుంది. భరించలేనంత మాత్రం కాదు. ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లకి ఇది దానికంటే తక్కువ భయం, ఎక్కువ విసుగు.

రిజల్టు. పీహెచ్ 4 కంటే కిందకి పడిన టైము మొత్తం టైములో ఎంత శాతం అన్నది అసలు అంకె. 4 శాతం లోపైతే నార్మల్, 6 దాటితే ఖచ్చితంగా యాసిడ్ రిఫ్లక్స్ (యాసిడ్ పైకి తన్నడం), మధ్యలో అయితే ఇంకా వేరేవి చూసి తేలుస్తారు. నాది హాయిగా 4 లోపే. అంటే రెండుపూటలా మాత్ర మింగుతున్న నాకు యాసిడ్ అసలు ఎక్కువే లేదు! కానీ నేను బటన్ నొక్కిన టైములు పక్కన పెట్టి చూస్తే, అందులో ఎక్కువభాగం రిఫ్లక్స్ వచ్చిన రెండు నిమిషాల లోపే ఉన్నాయి. అందరికీ వచ్చే మామూలు రిఫ్లక్సే నాకు మంటగా తెలుస్తోంది అన్నమాట. దీన్ని రిఫ్లక్స్ హైపర్‌సెన్సిటివిటీ అంటారు. బటన్‌కీ రిఫ్లక్స్‌కీ సంబంధమే లేకపోతే ఫంక్షనల్ హార్ట్‌బర్న్ అంటారంట, అదీ నిజం మంటే, నటన కాదు. కింద పేగు గ్యాస్‌కి గోల చేసినట్టే పైన అన్నవాహిక యాసిడ్‌కి గోల చేస్తోంది అని డాక్టరుగారు కాగితం వెనక బొమ్మ గీసి చూపించారు. మా అత్తయ్య అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది, ఇంటికెళ్లి చెప్తే "అంటే అన్నీ నీకే ఎక్కువ తెలుస్తాయా" అంది, ఏ అర్థంలో అందో ఆవిడకే తెలియాలి.

ఇప్పుడు అసలు డబ్బులకి విలువ ఎక్కడ కనిపించిందంటే మందుల దగ్గర. పై మందూ కింది మందూ ఒకదానికొకటి ఎలా అడ్డం పడతాయో ఒక డాక్టరు వరుసగా చెప్పడం నేను మొదటిసారి విన్నాను. పొట్ట మెలిపెడితే ఇచ్చే డైసైక్లోమిన్ లాంటివి కండరాన్ని వదులు చేస్తాయి, మంచిదే, కానీ పైన అన్నవాహిక చివర వాల్వు కూడా కండరమే, అదీ వదులై మంట పెరగొచ్చు. పెప్పర్‌మింట్ ఆయిల్ క్యాప్సూల్స్ ఐబీఎస్‌కి పనిచేస్తాయి, ఛాతీమంట ఉన్నవాళ్లకి మాత్రం అవే మంట పుట్టించొచ్చు, అందుకే వాటిని పేగులోకెళ్లాకే కరిగేలా చేస్తారు, నమిలితే అంతే సంగతులు. మంటకి తాగే గులాబీరంగు సిరప్పుల్లో మెగ్నీషియం ఉంటే మోషన్లు పట్టుకుంటాయి, అల్యూమినియం ఉంటే బిగుసుకుపోతుంది, రెండూ కలిపిన సీసాలో ఏది గెలుస్తుందో మన పేగు ఇష్టం. యాసిడ్ మాత్రలు కూడా కొందరికి విరేచనాలు తెప్పిస్తాయి. ఇసబ్‌గోల్ కిందదానికి మంచిది, కానీ గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, అరగుక్కతో మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది, మింగడం కష్టంగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఇన్నాళ్లూ నా రెండు చీటీలూ ఇలా కొట్టుకుంటూ ఉన్నాయి, మధ్యలో నేను.

నాకు చివరికి రాసింది: యాసిడ్ మాత్ర ఒక్కపూటే, టిఫిన్‌కి అరగంట ముందు, కొన్నాళ్లకి అదీ తగ్గిద్దాం అని. రాత్రికి అమిట్రిప్టిలిన్ అతి తక్కువ డోసు. ఇది పాతకాలం డిప్రెషన్ మందే, కానీ ఇంత చిన్న డోసులో పొట్ట నరాల గోల తగ్గించడానికి వాడతారు. ఇంగ్లండులో 463 మంది ఐబీఎస్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, ఉత్తుత్తి మాత్ర కంటే ఇది బాగా పనిచేసింది. నోరు ఎండిపోతుంది, పొద్దున కాస్త మత్తు, మలబద్ధకం రావొచ్చు, ఆ సంగతీ ముందే చెప్పారు. మందులషాపు కుర్రాడు పదిమంది ముందు "ఇది డిప్రెషన్‌ది కదా మేడమ్" అని అరిచాడు, ఆ షాపుకి నా తరఫున సున్నా స్టార్లు. నాకు మంట సగానికి పైగా తగ్గింది, పొద్దుటి మెలి అంత తగ్గలేదు, కానీ షాపు టైముకి బయల్దేరగలుగుతున్నాను.

తిండి విషయంలో ఆయన మన ఊరి మనిషే కాబట్టి హైదరాబాదు డైట్ చార్టు ఇవ్వలేదు, బతికించారు. ఓట్సు, బ్రకోలీ లేవు. పఖాళో మానక్కర్లేదు, పక్కన నంజుకునే పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి మానండి, రాత్రి పదింటికి తిని పదిన్నరకి పడుకోవడం మానండి, తిండికీ పడకకీ 3 గంటలు తేడా పెట్టండి అన్నారు. ఘుగునీలో బఠానీ, ఉల్లి, వెల్లుల్లి, ఇవన్నీ పేగులో పులిసి గ్యాస్ చేసే రకం, ఫాడ్‌మ్యాప్ అంటారు, ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీవాళ్లు పెట్టిన లెక్క. అలా కింద పులిస్తే పైన వాల్వు కూడా ఎక్కువసార్లు తెరుచుకోవచ్చంట, అంటే కింద తిన్న దెబ్బ పైన తెలుస్తుంది. అన్నీ జీవితాంతం మానేయమనలేదు, కొన్ని వారాలు ఆపి ఒక్కొక్కటే తిరిగి తిని ఏది పడట్లేదో చూసుకోమన్నారు. ఉల్లి వాసన లేకపోతే దాల్మా (కూరగాయల పప్పు) సహించదు అనేవాళ్లు ఇంగువ వేసుకోవచ్చు. మిరపకాయలో మండే పదార్థం పట్టుకునే నరాల తలుపులు అన్నవాహికలోనూ ఉన్నాయి, పేగులోనూ ఉన్నాయి, కాబట్టి బజ్జీ రెండు చోట్లా బిల్లు వేస్తుంది. మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం, పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం కూడా చెప్పారు, ఇవి ఫ్రీ.

ఇక తిట్లు. అపాయింట్‌మెంట్ టైము అనేది అక్కడ ఉత్త అలంకారం, 11 గంటలంటే మధ్యాహ్నం భోజనాల వేళకి పిలుస్తారు, యాసిడ్ పేషెంట్లని ఆకలితో కూర్చోబెట్టడం వాళ్లకే చెల్లింది. అంతకంటే ఘోరం ఏంటంటే పొట్ట బాగోలేక వచ్చిన ఇంతమందికి ఉన్నది ఒక్క బాత్రూము, దాని తాళంచెవి రిసెప్షన్‌లో ఉంటుంది, అందరి ముందూ వెళ్లి అడగాలి, ఆ అమ్మాయి ఫోన్‌లో ఉంటే ఆగాలి. ఐబీఎస్ అంటే ఏంటో గోడలనిండా పోస్టర్లు అంటించినవాళ్లకి ఇది తట్టకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. రిపోర్టు పేజీలకి పేజీలు ఇంగ్లీషు, రంగుల బొమ్మలు, డాక్టరు దగ్గర కూర్చుని అడిగితే తప్ప ఒక్క ముక్క తెలీదు, ఒక పేజీ తెలుగులోనో ఒడియాలోనో ఇస్తే ఏం పోయింది. బిల్లు బాగా గుచ్చుకుంది, అడ్మిషన్ లేని టెస్టు అని నా ఇన్సూరెన్సువాళ్లు పైసా ఇవ్వలేదు.

అందరూ పరిగెత్తాల్సిన టెస్టు కాదు ఇది. మాత్ర వేసుకుంటే మంట తగ్గిపోయేవాళ్లకి దీంతో పనిలేదు. తిన్నది ఛాతీలో ఇరుక్కుంటోందన్నా, ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోతున్నా, మోషన్‌లో రక్తం పడినా, నల్లగా తారులా వచ్చినా, రక్తం తగ్గిపోయినా, రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలున్నా, 50 దాటాక ఇవన్నీ కొత్తగా మొదలైనా ముందు ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, అది కూడా ఆలస్యం చేయకుండా. అవి అయిపోయి, మాత్రలు సరిగ్గా వాడినా మంట తగ్గక, కిందా పైనా రెండూ బాధపెడుతున్న నాలాంటివాళ్లకి మాత్రం పనికొస్తుంది.

వెళ్లేవాళ్లు ముందు రోజు ఫోన్ చేసి మెషీన్ పనిచేస్తోందా అని అడగండి, నాకు ఒకసారి గేటు దాకా వెళ్లాక చెప్పారు. మర్నాడు ట్యూబు తీయించుకోవడానికి మళ్లీ రావాలి, ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చేవాళ్లు ఆ రాత్రికి ఊళ్లో ఎక్కడుంటారో చూసుకోండి. తలమీంచి తొడుక్కునే డ్రెస్సు వేసుకెళ్లకండి, ట్యూబు చెవి మీదుగా నడుముదాకా ఉంటుంది, మర్నాటిదాకా అదే బట్టల్లో ఉండాల్సొస్తుంది. చీరో, ముందు గుండీలున్న చొక్కానో అయితే సుఖం.